సంతకం పెట్టే ముందు అడుగుదాం

(దళిత మహిళా సంఘాల సమావేశంలో మేము చేసిన ప్రసంగ పాఠం)



అన్నలు కూడా ముందుకొచ్చి కూచోండి. ఇది ఆడోళ్ల ముచ్చట, మాకెందుకులే అని పక్కకు జరిగితే కుదరదు. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర మాదయితే, అప్పు పత్రం మీద వేలిముద్ర మీది.

ఈ చేటలో వంద చింతగింజలున్నాయి. ఒక్కో గింజ ఒక్కో ఆడమనిషి అనుకోండి. పదిహేనేళ్ల పిల్ల మొదలు నలభై తొమ్మిదేళ్ల తల్లి దాకా. సర్కారు వాళ్లు 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద ఈ వందలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు మూడు గింజలు. ఇవిగో, పక్కన పెడుతున్నాం. తెలంగాణలో ఎనిమిది గింజలు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి కొంచెం తక్కువ. దేశంలో అన్నిటికంటే పైన మన రెండు రాష్ట్రాలే ఉన్నాయి. అంతకుముందు 2015-16 సర్వేలోనూ ఇదే వరస. ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు దవాఖానల్లోనే అయ్యాయి. కారణం ఏమిటంటే సగానికి పైగా చెప్పింది బట్టంటు ఎక్కువ కావడం, నొప్పి రావడం.

మన ఆడోళ్ల గర్భసంచులు పక్క రాష్ట్రాల వాళ్లకంటే మూడింతలు చెడిపోయినయా? నీళ్లు వేరా, గాలి వేరా? ఇక్కడున్న వాళ్లలో ఎందరికి అయిందో చేతులెత్తమని అడగబోయి ఆగాం. అడగనక్కర్లేదు. మన వాడల్లో ఏ ఇంటి ముందు నిలబడ్డా తెలుస్తుంది.

మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు చెప్పం, ఆమె ఇక్కడే కూచుంది, తన సంగతి చెప్పమని తనే అన్నది. ఇరవై తొమ్మిదేళ్లకు ఆమె ఆపరేషన్ అయింది. నాటుకు పోతే నడుం నొప్పి, తెల్లబట్ట. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయింది. ఆయన టౌనుకు పంపిండు. అక్కడ స్కానింగ్ తీసి, టీవీలో చూపించి, "సంచి పుండు పడ్డది, ఇట్లనే వదిలేస్తే కేన్సర్ అయితది, పిల్లలు పుట్టిన్రు గదా, ఇంక ఆ సంచితో నీకేం పని" అన్నరు. కేన్సర్ అనే మాట విన్నాక ఎవరికి కాళ్లు ఆడుతయి? మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, రెండు మేకలు అమ్మి, మూడో రోజే బల్ల ఎక్కింది. సంచి తీసి ముక్క పరీక్షకు పంపిన్రా అంటే తెలీదు. కేన్సర్ ఉన్నట్టా లేనట్టా అంటే తెలీదు. ఆపరేషనై రెండేళ్ల ఎనిమిది నెలలు. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు. ఇప్పుడు నాటుకు పోలేదు, కలుపుకూ పోలేదు. ఏ కూలి పోతుందని భయపడి ఆపరేషన్ చేయించుకుందో ఆ కూలే పోయింది.

అక్కను మేం ఒక్కటే అడిగాం. అక్కా, సంచి ఒక్కటే తీసిన్రా, పక్కనుండే అండాశయాలు కూడా తీసిన్రా? అండాశయాలంటే ఓవరీలు, గుడ్డు తయారయ్యే చోటు. ఆమెకు తెలీదు. ఆమె కడుపులో ఏముందో, ఏం లేదో ఆమెకే తెలీదు. ఆ కాగితం టౌన్లో ఉంది, ఆమె దగ్గర లేదు.

దీనికి ఆమెను తప్పు పట్టేవాళ్లు ఉన్నారు. చదువు లేక మోసపోయిందంటారు. చదువు లేనివాళ్లలో ఈ ఆపరేషన్లు ఎక్కువన్నది సర్వేల్లోనూ ఉంది, నిజమే. కానీ రోజంతా మోకాళ్ల లోతు బురదలో వంగి, మరుగుదొడ్డి లేక ఉచ్చ ఆపుకొని, తడి గుడ్డే మళ్లీ కట్టుకునే మనిషికి నెలకు అయిదు రోజుల రక్తం ఎట్లుంటదో తెలిసినవాళ్లు ఆ మాట అనరు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చూడండి. అక్కడి చెరకు కోత కూలోళ్లు మొగుడూ పెళ్లామూ జంటగా కూలికి కట్టుబడి పోతారు. ఒకరోజు మానితే ముకద్దం జరిమానా వేస్తాడు. 2019లో అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీ 82 వేల పైచిలుకు కూలి స్త్రీలను విచారిస్తే, 13,861 మందికి పదేళ్లలో గర్భసంచి తీసేశారని తేలింది. నెలసరి వస్తే కూలి పోతుంది, సంచే లేకపోతే నెలసరే రాదు. ఎంత సులువైన లెక్క! ఆ లెక్క ఆ తల్లులు వేసింది కాదు.

మన మెదక్ సంగతి అంతకంటే ముందే బయటికొచ్చింది. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి దంపతులు మెదక్ జిల్లాలో ఆపరేషన్ అయిన ఆడవాళ్లను కలిసి వివరాలు రాసుకొని 2009లో బయటపెట్టారు. ఆ ఆడవాళ్ల సగటు వయసు ముప్పై కూడా దాటలేదు. అది వైద్యం చేసే వాళ్లే చేసిన పని, అందుకు వాళ్లకు దండం. కానీ సర్కారు తన పెద్ద సర్వేలో ఈ ప్రశ్న వివరంగా అడగడానికి 2015 దాకా పట్టింది.

మనమీద పరిశోధన జరగలేదని కాదు. జరిగింది. 1985లో మన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజక్షన్ ప్రయోగానికి ఆడవాళ్లను పోగేశారు. పిల్లలు పుట్టకుండా సూది అని చెప్పారే గానీ, ఇది ఇంకా ప్రయోగంలో ఉన్న మందమ్మా, మీమీద చూస్తున్నామమ్మా అని చెప్పలేదు. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన వాళ్లు అది పసిగట్టి, ఢిల్లీ సహేలీ వాళ్లతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు పోయారు. తర్వాత 2009లో ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, దగ్గర దగ్గర పద్నాలుగు వేల మందికి, గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పథకం అది. చాలామంది కోయ, మాల, మాదిగ, బీసీల పిల్లలు. ఎందరో ఆశ్రమ హాస్టళ్లలో ఉండేవాళ్లు. విచారణ కమిటీ చూసిన 9,543 ఒప్పుకోలు కాగితాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నకు తెలీకుండానే సూది పడ్డది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలె, లేకపోతే రేపు మా మాటనే మీరు ఎదురు తిప్పుకుంటారు. ఆ టీకా చెడ్డదని మేం అనడం లేదు. ఆ పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. ఆ టీకా కేన్సర్‌ను అడ్డుకుంటుందని ఆ తర్వాత చాలా దేశాల్లో రుజువైంది. మీ పిల్లలకు వేయిస్తామంటే వేయించండి. మా పేచీ సూదితో కాదు, అడక్కుండా పొడిచిన చేతితో.

ఇక కడుపు సంగతికి వద్దాం. "పిల్లలు పుట్టిన్రు, ఇంక సంచితో పనేంది" అనే మాట ఉంది చూశారా, దాన్ని మనోళ్లు కూడా అంటున్నారు. అత్తలు అంటున్నారు, ఆశా కార్యకర్తలూ అంటున్నారు. పని ఉంది. అండాశయాలు తయారు చేసే హార్మోన్లు మన ఎముకలనూ గుండెనూ కాపాడతాయి. ముప్పైల్లో వాటిని తీసేస్తే, యాభైలో రావాల్సిన ముట్లుడగడం ముప్పైలోనే వచ్చి పడుతుంది. అండాశయాలు ఉంచి సంచి మాత్రమే తీసినా కొందరికి ముట్లుడిగే మార్పులు కొన్నేళ్లు ముందే వస్తాయి. ఇదెట్లా తెలిసింది? అమెరికాలో 1976 నుంచి లక్షకు పైగా నర్సుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చారు. వాళ్లలో గర్భసంచి తీయించుకున్న 29 వేల పైచిలుకు మందిని ఇరవై నాలుగేళ్లు గమనించి 2009లో అచ్చేశారు. అండాశయాలు కూడా తీసేసిన వాళ్లలో రొమ్ము కేన్సర్, అండాశయ కేన్సర్ తగ్గినయి గానీ, గుండెజబ్బు పెరిగింది, మొత్తం మీద చావులూ పెరిగినయి. అక్కడి నర్సమ్మ ఒళ్లు ఇరవై నాలుగేళ్లు లెక్కలోకి వచ్చింది. మన నాటుకూలి ఒళ్లు డిశ్చార్జి రోజుతో లెక్కలోంచి పోయింది.

మరి ఆపరేషన్ అవసరమే లేదా? ఉంది. కేన్సర్‌కు అవసరం. పెద్ద పెద్ద గడ్డలకు, మందులతో ఎంతకీ ఆగని రక్తానికి, బాగా జారిన సంచికి, కాన్పులో ప్రాణం మీదికొచ్చినప్పుడు అవసరం. ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆరేళ్ల కింద మేం ఊరూరా తిరిగి "సంచి తీయనియ్యకండి, దొంగ ఆపరేషన్లు" అని పాటలు కట్టి ప్రచారం చేశాం. యాభై దాటిన ఒక పెద్దమ్మ, ముట్లుడిగి అయిదేళ్లయినాక మళ్లీ రక్తం కనబడుతోందని మా దగ్గరికొచ్చింది. టౌన్లో కోస్తామంటున్నారు, ఏం చేయాల బిడ్డా అన్నది. మేం ఏం పరీక్ష చేశారని అడగలేదు, ఎంత రక్తమని అడగలేదు. పోవద్దు పెద్దమ్మా అని పంపేశాం. ఏడు నెలల తర్వాత నగరంలో కేన్సర్ దవాఖానలో తేలింది. చికిత్స అయింది, మనిషి బతికే ఉంది, కానీ ఏడు నెలలు పోయినయి. ఆ ఏడు నెలలు పోగొట్టింది ఆర్‌ఎంపీ కాదు, కార్పొరేటోడు కాదు, మేం. ముట్లుడిగాక రక్తం కనబడినా, మొగుడితో కలిసినప్పుడు రక్తం వచ్చినా, వాసనతో నెత్తురు కలిసిన తెల్లబట్ట అయినా ఒక్కరోజు ఆగకుండా పరీక్షకు పోవాలె. ఈ మాట ఇంటికి పోయి నలుగురికి చెప్పండి.

ఆ దెబ్బతో మాకు తెలిసొచ్చింది. వద్దని చెప్పడం మన పని కాదు, చేయించుకో అని చెప్పడమూ కాదు. తెలుసుకునేట్టు చేయడమే మన పని. అదెట్లా? కరపత్రం అచ్చేసి పంచితే అయిపోతుందా? మేమూ మొదట అట్లనే అనుకున్నాం.

మన సమస్యకే సరిపోయే పరిశోధన ఇంగ్లండులో ఒకటి జరిగింది, అందుకే అంత దూరం సంగతి తెస్తున్నాం. బట్టంటు ఎక్కువై దవాఖానకొచ్చిన 894 మంది ఆడవాళ్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యమే. రెండో జట్టుకు, ఏ ఏ వైద్యాలున్నాయి, దేనికి ఏం లాభం, ఏం నష్టం అని చెప్పే చిన్న పుస్తకం, వీడియో ముందే ఇచ్చారు. మూడో జట్టుకు పుస్తకం, వీడియో ఇచ్చి, డాక్టర్ దగ్గరికి పోయే ముందు ఒక మనిషి పక్కన కూచుని "నీకేది ముఖ్యం? దేనికి భయపడుతున్నావు? ఏది కావాలి?" అని అడిగి, ఆమె చెప్పింది కాగితం మీద పెట్టి డాక్టర్ ముందుంచారు. 2002లో ఫలితం వచ్చింది. మళ్లీ చింతగింజలు చూడండి. మామూలు జట్టులో వందకు నలభై ఎనిమిది మందికి గర్భసంచి తీశారు. ఒట్టి పుస్తకం, వీడియో ఇచ్చిన జట్టులోనూ నలభై ఎనిమిదే! పక్కన కూచుని అడిగిన జట్టులో ముప్పై ఎనిమిది. మనిషి మనిషి పక్కన కూచుంటే వందలో పది గర్భసంచులు మిగిలినయి.

పుస్తకాలు వద్దని కాదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు 1990ల మొదట్లో తెచ్చిన సవాలక్ష సందేహాలు పుస్తకం మా సంఘం పెట్టెలో ఉంది. అట్ట చిరిగిపోయింది గానీ ఇప్పటికీ చదివించుకుంటాం. కానీ పుస్తకం దానంతటది లేచి బస్సెక్కి మన వెంట దవాఖానకు రాదు గదా.

కాబట్టి మా ఊళ్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరికి ఆపరేషన్ చెప్పినా, డబ్బు కట్టే ముందు రాత్రి ఇద్దరు ముగ్గురం ఆ ఇంట్లో కూచుంటాం. మొదట గోడ చూస్తాం. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకోమని అందరికీ చెప్పాం. రక్తం కనబడ్డ రోజు ఒక గీత, గుడ్డ ఎన్నిసార్లు మారిస్తే అన్ని చుక్కలు. మూడు నెలల గీతలుంటే డాక్టర్ నోరు మూయించవచ్చు, తెరిపించనూ వచ్చు. తర్వాత రక్తం ఎంతుంది, థైరాయిడ్ చూశారా, సంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షించారా, నోటి దగ్గర కేన్సర్ పరీక్ష చేశారా అని కాగితాలు వెతుకుతాం. ఒట్టి స్కానింగ్ ఒక్కటే ఉంటే, అది సరిపోదని అర్థం. తెల్లబట్టకు చాలాసార్లు మందులు చాలు. బట్టంటు ఎక్కువైతే, ఆ అయిదు రోజులు వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, కాపర్-టీ లాగా లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, రక్తం పట్టడానికి ఐరన్ ఉంది. గడ్డ ఒక్కటే తీసి సంచి ఉంచే ఆపరేషనూ ఉంది. ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పాల్సింది డాక్టరే, మేం కాదు. ఉన్నాయని తెలిస్తే అడగగలం.

పోయిన ఏడు ముప్పై నాలుగేళ్ల చెల్లెకు రేపే ఆపరేషన్ అన్నారు. ఆ రాత్రి కూచున్నాం. నీకేం భయం అని అడిగితే, రక్తం పోతోందని కాదక్కా, పనిలో కళ్లు తిరిగి పడిపోతున్నా, అదే భయం అన్నది. మర్నాడు ఏరియా దవాఖానకు తీసుకుపోయాం. లైను పెద్దది, మధ్యాహ్నం దాకా నిలబడ్డాం, అక్కడి నర్సు చేత మాటలు కూడా పడ్డాం. కానీ లేడీ డాక్టర్ గోడ గీతలు రాసిన కాగితం చూసి కూచోబెట్టి మాట్లాడింది. రక్తం ఏడు కూడా లేదు, థైరాయిడ్ ఉంది. మాత్రలు రాసింది. నాలుగో నెలకు గుడ్డలు సగానికి తగ్గినయి. ఇంకో వదినకు మాత్రలతో ఆగలేదు, గడ్డలు పెద్దవి. ఆపరేషన్ చేయించుకుంది. అయితే అండాశయాలు బాగున్నయా, బాగుంటే ఉంచుతారా అని ముందే అడిగి, ఉంచుతామని కాగితం మీద రాయించుకుని బల్ల ఎక్కింది. రెండూ మంచి నిర్ణయాలే.

డాక్టరును అట్లా అడగొచ్చా, కోపం రాదా అంటారు. వస్తే రానీ. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమెను పరీక్ష కోసమని మత్తిచ్చి పడుకోబెట్టి, బయటున్న తల్లి చేత సరేననిపించి, గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు, తెలివిలో ఉన్న పెద్దమనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదు అన్నది కోర్టు. ఏం చేస్తారు, ఎందుకు, వేరే దారులేమున్నాయి, ప్రమాదమేంటి, చేయించుకోకపోతే ఏమైతది, ఇవన్నీ ముందే చెప్పాలన్నది. తల్లి మాటే చెల్లనప్పుడు మొగుడి సంతకం, అత్త సంతకం మన సంతకం బదులు ఎట్లా చెల్లుతుంది? అన్నలూ, ఇది మీకు.

2023 ఏప్రిల్ 5న ఇంకో తీర్పొచ్చింది. బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసది. దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల ఆడవాళ్లే ఎక్కువగా దీనికి గురవుతున్నారన్న సంగతి ఆ తీర్పులో ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు పెట్టమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. వాటి ప్రకారం ఈ ఆపరేషన్లను కనిపెట్టి చూడటానికి జిల్లా స్థాయిలో కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూచున్నారు? సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు పెడుతున్నాం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగుతాం. దరఖాస్తు రాసి తెచ్చాం, సమావేశం అయ్యాక సంతకాలు పెట్టండి. ముందు చదివించుకుని పెట్టండి!

ఇక మా అక్క కాగితం సంగతి. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం దవాఖానలో పడుకున్న మనిషి కేసు కాగితాలు డాక్టర్ మూడేళ్లు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అక్క ఆపరేషనై రెండేళ్ల ఎనిమిది నెలలు, అంటే ఇంకా నాలుగు నెలలే గడువుంది. ఆ కాగితం చూస్తే గానీ ఆమెకు అండాశయాలు ఉన్నాయో లేదో తెలీదు, అది తెలిస్తే గానీ ఎముకలకు ఏ మందు వాడాలో పెద్ద దవాఖాన డాక్టర్ చెప్పలేడు. ఒక్కతే పోతే గేటు దగ్గరే పంపేస్తారు. మంగళవారం పొద్దున ఏడు గంటల బస్సుకు పోతున్నాం. మీలో ఆపరేషనై మూడేళ్లు నిండని వాళ్లెవరన్నా ఉంటే, తేదీ గుర్తు తెచ్చుకుని మాతో రండి. ఎవరెవరు వస్తారో ఇప్పుడే చెప్పండి, పేర్లు రాసుకుంటాం.